శ్లాబు పెచ్చులూడితే డబ్బు ఎవరివ్వాలి?

అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్సు మీద, పెద్ద మరమ్మతుల మీద శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఒక సివిల్ ఇంజినీరు, ఒక ఆడిటరు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మాది 17 ఏళ్ల అపార్ట్‌మెంటు. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. 12 ఫ్లాట్లు 1,150 చదరపు అడుగులవి, 8 ఫ్లాట్లు 1,450వి. మేడ మీద వాటర్‌ప్రూఫింగుకూ, పార్కింగులో పెచ్చులూడిన శ్లాబుకూ కలిపి రూ.6,35,000 అవుతుందన్నారు. కింది అంతస్తులవాళ్లు ‘కారేది పైవాళ్ల ఇంట్లో, మేమెందుకివ్వాలి’ అంటున్నారు. చిన్న ఫ్లాట్లవాళ్లు చదరపు అడుగుల లెక్క అంటారు, పెద్ద ఫ్లాట్లవాళ్లు తలా ఇంత అంటారు. ఏది న్యాయం? – బలగ, శ్రీకాకుళం

జవాబు: ముందు మేడ సంగతి. అది ఐదో అంతస్తువాళ్లది కాదు, ఇరవై మందిదీ. మేడ మీద నిలిచిన నీళ్లు ఐదో అంతస్తు సీలింగులో మరకగా కనిపిస్తాయంతే. అక్కడితో ఆగవు. బీముల వెంట, స్తంభాల వెంట, పైపుల డక్టు వెంట కిందికి దిగుతూనే ఉంటాయి. కాబట్టి ‘మాకు కారడం లేదు’ అనేది ఖర్చు తప్పించుకోవడానికి చెల్లే మాట కాదు. పార్కింగు శ్లాబుకూ ఇదే వర్తిస్తుంది. కారు లేనివాళ్లు కూడా ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఆ బీములూ స్తంభాలూ మోస్తున్నది అందరి ఇళ్లనూ.

ఇక పంపకం. మీ సంఘం బైలాస్‌లో పద్ధతి రాసి ఉంటే అదే ఖాయం, మార్చాలంటే బైలాస్ సవరించుకోవాలి. రాసి లేకపోతే పెద్ద మరమ్మతులకు చదరపు అడుగుల లెక్కే సరైనదని మా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఒక్కో ఫ్లాటుకు స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని రాస్తారు కదా, పెద్ద ఫ్లాటుకు ఆ వాటా కూడా పెద్దదే. భవనం నిలబడితే ఎక్కువ విలువ మిగిలేదీ వాళ్లకే.

మీ లెక్కే వేద్దాం. 12 ఫ్లాట్లకు 13,800, 8 ఫ్లాట్లకు 11,600, వెరసి 25,400 చదరపు అడుగులు. 6,35,000ను దాంతో భాగిస్తే అడుగుకు సరిగ్గా రూ.25. చిన్న ఫ్లాటుకు రూ.28,750, పెద్ద ఫ్లాటుకు రూ.36,250 పడుతుంది. తలా సమానంగా అయితే ఒక్కొక్కరికీ రూ.31,750. అంటే ఏ పద్ధతి పట్టుకున్నా చిన్న ఫ్లాటుకు తేడా రూ.3,000, పెద్ద ఫ్లాటుకు రూ.4,500. ఈ మూడు, నాలుగు వేల తేడా మీద పట్టుదలకు పోయి ఒక వానాకాలం వదిలేస్తే శ్లాబులోని ఇనుప ఊచల తుప్పు ఇంకా ముదురుతుంది, వచ్చే ఏడు కొటేషనే మారిపోతుంది. ఈ అంకెల్ని ఒక కాగితం మీద వేసి నోటీసు బోర్డులో పెట్టండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

వాచ్‌మన్ జీతం, ఊడ్పు, మెట్ల దగ్గర లైట్ల వంటివి ఫ్లాటు సైజుతో మారవు కనుక వాటిని తలా సమానంగా పంచుకోవచ్చు. నెలవారీకి ఒక పద్ధతి, పెద్ద పనులకు ఒక పద్ధతి ఉంటే తప్పేమీ లేదు. ఏదైనా జనరల్ బాడీ తీర్మానంగా మినిట్సు పుస్తకంలోకి ఎక్కాలి. పని పేరు, మొత్తం, అడుగుకు ఎంత, ఎన్ని వాయిదాలు, ఆఖరు తేదీ రాసి, వచ్చినవాళ్ల సంతకాలు తీసుకోండి. రానివాళ్లకు ఆ పేజీ నకలు రిజిస్టరు పోస్టులో పంపండి. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టించుకుని ఊరుకుంటే రేపు ఎవరైనా ఎదురు తిరిగినప్పుడు పనికిరాదు.

ప్రశ్న: పార్కింగు సీలింగులో నాలుగు చోట్ల ఊచలు బయటపడ్డాయి. ఒక మేస్త్రీ సిమెంటు పూసి రంగు వేసేస్తానంటున్నాడు. మరొకాయన ఏవేవో కెమికల్స్ పేర్లు చెప్పి మూడింతలు అడుగుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి? – కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: మొదటాయన చేస్తానన్న పని చేయించకండి. ఇనుము తుప్పు పడితే ఉన్న చోటుకు రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చుగా లేస్తుంది. తుప్పు మీద సిమెంటు పూస్తే తుప్పు లోపల పెరుగుతూనే ఉంటుంది, ఒకటి రెండు వానాకాలాల్లో కొత్త పూత కూడా కింద పడుతుంది. ఈసారి కారు మీదో, మనిషి మీదో.

మన జిల్లాల్లో ఇది తొందరగా రావడానికి కారణం ఉంది. మామూలు చోట శ్లాబు ఊచ కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు చాలు. తీరప్రాంతపు ఉప్పుగాలి నుంచి కాస్త మరుగున్న భాగాలకే 30, ఆ గాలికి నేరుగా ఎదురయ్యే వాటికి 45 ఉండాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. శ్లాబు పోసేటప్పుడు కవరు బిళ్లలు పెట్టకుండా ఊచను పలకల మీదే పరిచేస్తే కవరు పది కూడా మిగలదు. మీకు బయటపడిన నాలుగు చోట్లా బహుశా జరిగింది అదే.

ఏ కొటేషనూ ఒప్పుకోకముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చేత చూపించండి. చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ పోతే డొల్ల పలికే చోట్లు తెలుస్తాయి, వాటికి సుద్దతో గీత గీయాలి. నాలుగు చోట్లు కనిపించాయంటే డొల్లవి ఇంకా ఎక్కువే ఉంటాయి. పగలగొట్టిన తాజా కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. క్షారగుణం పోయిన మేర రంగు రాదు. ఆ రంగు రాని లోతు ఊచదాకా చేరిందంటే తక్కిన చోట్లా తుప్పు మొదలవబోతోందని అర్థం.

ఇప్పుడు పని వరుస. ముందు ఆ భాగం కింద జాకీలు బిగించాలి. డొల్ల కాంక్రీటును ఊచ కనపడేదాకా కాదు, ఊచ వెనక వేలు దూరేంత, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు, చెక్కెయ్యాలి. పొడవు వైపు తుప్పు లేని ఊచ తగిలేదాకా పోవాలి. వైరు బ్రష్షుతో ఊచ మెరిసేలా గీకించి, వెర్నియర్‌తో మందం కొలిపించండి. 8 మిల్లీమీటర్ల ఊచ 7కు తగ్గితే ‘ఒక్క మిల్లీమీటరే కదా’ అనిపిస్తుంది. కానీ కోత వైశాల్యంలో చూస్తే (8×8, 7×7 లెక్కన) 64కు 49 మిగిలింది, దాదాపు నాలుగో వంతు బలం పోయినట్టే. అలాంటి చోట పక్కనే కొత్త ఊచ కట్టాలి. మంచి ఊచతో రెండు వైపులా ఊచ మందానికి 50 రెట్లు, అంటే 8 మిల్లీమీటర్లదైతే 400 మిల్లీమీటర్లు, కలిసి ఉండాలి.

తర్వాత ఊచకు జింక్ ప్రైమరు, పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు. ఆ కోటు వేలికి జిగురుగా తగిలేటప్పుడే పాలిమరు మోర్టారు వేయాలి. ఆరిపోయాక వేస్తే అదే పొర దగ్గర ఊడుతుంది. సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, 50 కిలోల బస్తాకు 5 నుంచి 10 లీటర్ల ఎస్‌బీఆర్ లేటెక్స్ (మోర్టారులో కలిపే పాలలాంటి పాలిమరు ద్రవం). ఖచ్చితమైన కొలత డబ్బా మీద ఉంటుంది. సీలింగు కాబట్టి ఒక విడతకు 10, 12 మిల్లీమీటర్లు మించితే బరువుకు జారుతుంది. గుంట లోతు 50 దాటితే మోర్టారు వద్దు, పలక కొట్టి మైక్రో కాంక్రీటు (జారుగా పోసే సన్నరకం కాంక్రీటు) పోయించాలి. ఆ తర్వాత వారం రోజులు తడి ఆరకుండా చూడాలి. సీలింగుకు నీళ్లు పట్టడం కష్టమని ఎగ్గొడతారు, అక్కడే పని చెడుతుంది. రోజుకు నాలుగుసార్లు స్ప్రేయరుతో తడపండి, లేదా క్యూరింగ్ కాంపౌండు కొట్టించండి.

కాబట్టి రెండో ఆయన ఎక్కువ అడిగాడని మోసం అనుకోకండి. అలాగని గుడ్డిగా ఇచ్చేయనూ వద్దు. ‘మొత్తం పనికి ఇంత’ అనే కొటేషను వద్దని చెప్పి, చదరపు అడుగుకు ఫలానా లోతువరకు ఇంత, కొత్త ఊచకు కిలో ఇంత అని రేటు అడగండి. పగలగొట్టాక విస్తీర్ణం పెరగడం మామూలే, రేటు ముందే ఉంటే అప్పుడు తగువుండదు. అడ్వాన్సు పది, పదిహేను శాతం దాటకూడదు. శుభ్రం చేసిన ఊచలను ఫొటో తీశాకే మూయాలని, ఆఖరి పది శాతం ఒక వానాకాలం గడిచాకే ఇస్తామని ఒప్పందంలో రాయండి.

వరుస తప్పకండి. ముందు నీళ్లు ఆపాలి, తర్వాత కాంక్రీటు బాగుచేయాలి, అన్నిటి తర్వాతే రంగు.

ప్రశ్న: మేడ మీద మూడేళ్ల క్రితం వేయించిన తెల్ల కోటింగు అప్పుడే బుడగలు లేచి ఊడుతోంది. ఏ నెలలో, ఎలా వేయించాలి? – ఆమదాలవలస

జవాబు: బుడగ అంటే కింద చెమ్మ చిక్కుకుందని అర్థం. వానలు వెలిశాక పైపైన ఆరిన శ్లాబు మీద వేస్తే ఎండకు ఆ చెమ్మ ఆవిరై పొరను లేపేస్తుంది. ఫిబ్రవరి నుంచి మే మధ్యలో వేయించండి. ఎండలు ముదిరాక మిట్టమధ్యాహ్నం వేయనివ్వకండి. శ్లాబు కాలిపోతుంటే పైపొర క్షణాల్లో ఆరి సూదిబెజ్జాలు పడతాయి. అక్టోబరుదాకా వాయిదా మాత్రం వద్దు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి.

ముందు పరీక్ష చేయండి. వాననీటి గొట్టాల మూతులు మూసి, మేడ మీద 25 నుంచి 50 మిల్లీమీటర్ల నీళ్లు కట్టి, 48 గంటలు ఉంచి, కింద ఎక్కడ చెమ్మ దిగిందో గుర్తు పెట్టుకోండి. చాలాచోట్ల తప్పు శ్లాబులో ఉండదు, గొట్టం మూతి చుట్టూ, పిట్టగోడ మొదట్లో ఉంటుంది. వాలు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి. అది లేకపోతే ఎంత ఖరీదైన కోటింగైనా నీళ్ల మడుగు కింద నిలవదు.

తుఫాను వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. అందుకే మన దగ్గర పిట్టగోడ లోపలి ముఖమూ పైభాగమూ కూడా పూత పడాలి. గోడ పైభాగం వాలు మేడ లోపలికి ఉండాలి. గోడా మేడా కలిసే మూలలో సిమెంటుతో గుండ్రటి వంపు (గోలా) తిప్పి, కోటింగును గోడ మీదికి ఒక అడుగు ఎక్కించండి. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా, మధ్యలో జాలీ గుడ్డతో. పాత పొర మీద ఇంకో వరస ఇటుక ముక్కల కాంక్రీటు వేస్తామంటే ఒప్పుకోకండి. నాలుగున్నర అంగుళాల మందం వేస్తే చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, ఆ బరువుకు శ్లాబును లెక్కకట్టి ఉండరు.

ప్రశ్న: ప్రతిసారీ పెద్ద ఖర్చు నెత్తిన పడ్డాక చందాలు పోగుచేస్తున్నాం. నెలనెలా ఎంత పక్కన పెట్టాలో ఎలా తేల్చాలి? – బొబ్బిలి

జవాబు: నెత్తిన పడే ఖర్చులు వీటిలో చాలా తక్కువ. మిగతావాటికి ఏడాది ముందే తెలుసు. ఒక్కో వస్తువుకు ఈనాటి ధర, అది ఎన్నేళ్లకోసారి వస్తుందో రాసి భాగించండి. పై బలగవారి 25,400 అడుగులే ఉదాహరణగా తీసుకుందాం. బయటి రంగు రూ.4,80,000, ఆరేళ్లకోసారి, ఏడాదికి 80,000. మేడ కోటింగు రూ.1,50,000, ఐదేళ్లకు, ఏడాదికి 30,000. బోరు మోటారు, ప్యానెల్ బోర్డు రూ.60,000, ఆరేళ్లకు, ఏడాదికి 10,000. లిఫ్టు రూ.8,00,000, ఇరవై ఏళ్లకు, ఏడాదికి 40,000. మొత్తం 1,60,000. అడుగుకు నెలకు 52 పైసల చిల్లర. అంటే 1,150 అడుగుల ఫ్లాటుకు నెలకు సుమారు రూ.604, 1,450కి రూ.761. ఇవి నమూనా అంకెలు, మీరు మీ కొటేషన్లతో వేసుకోండి, రెండేళ్లకోసారి ధరలు సరిచూడండి.

ఈ డబ్బు వాచ్‌మన్ జీతం ఉండే ఖాతాలో కలపకూడదు, కలిస్తే కరిగిపోతుంది. సంఘం పేరున విడి ఖాతా, ఇద్దరి సంతకం, పోగైనకొద్దీ ఫిక్స్‌డ్ డిపాజిట్లు. డిపాజిట్ గడువు ఆ పని వచ్చే ఏడాదికి సరిపోయేలా చూసుకోండి. ఆ వడ్డీకి పన్ను ఉంటుంది. సభ్యులు తమ డబ్బు తమకే ఖర్చుపెట్టుకుంటారన్న కారణంతో మెయింటెనెన్సుకు ఉన్న పన్ను మినహాయింపు (పరస్పరత) బ్యాంకు వడ్డీకి వర్తించదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రశ్న: వానలకు లిఫ్టు గుంతలోకి నీళ్లు చేరి వారం ఆగిపోయింది. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉన్నా ‘ఇది మా పరిధిలోకి రాదు’ అన్నారు. నిజమేనా? పైగా నాలుగు తాళ్లలో ఒకటే పాడైతే నాలుగూ మార్చాలంటున్నారు. – అరసవల్లి

జవాబు: విడిభాగాలూ కలిసి ఉండే కాంప్రెహెన్సివ్ ఏఎంసీలో కూడా నీళ్లు చేరడం, ఓల్టేజీ, పిడుగు వల్ల వచ్చే నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తారు. కొత్త ఒప్పందం రాసేటప్పుడు ‘అన్ని భాగాలూ’ అనే మాటకు సరిపెట్టుకోక, తాళ్లు, మోటారు, కంట్రోలరు కార్డు, డోరు లాకులు, కరెంటు పోతే లిఫ్టును అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ బ్యాటరీలు ఒక్కొక్కటీ చేరాయో లేదో పేరుపేరునా రాయించండి.

గుంతకు లోపలి వైపు నుంచి క్రిస్టలైన్ వాటర్‌ప్రూఫింగు చేయించి, మూలన చిన్న సంపు తవ్వి ఫ్లోటు పంపు పెట్టండి. పార్కింగు నేల వాలు లిఫ్టు గుమ్మం వైపు ఉంటే గుమ్మం ముందు మిట్ట కట్టాలి. తుఫాను హెచ్చరిక రాగానే లిఫ్టును మూడో అంతస్తులో నిలిపి మెయిన్ ఆపేయమని వాచ్‌మన్‌కు రాసిపెట్టండి. నీళ్లు తోడాక మెకానిక్ చూడకుండా స్విచ్చి వేయకూడదు.

తాళ్ల విషయంలో వాళ్లు చెప్పింది నిజం. కొత్త తాడు సాగుతుంది, పాతది సాగడం అయిపోయి ఉంటుంది. బిగువు తేడా వచ్చి బరువంతా కొన్నింటి మీదే పడుతుంది, కప్పీ గాళ్లు కూడా అరుగుతాయి. అన్నీ ఒకేసారి, ఒకే చుట్ట నుంచి మార్చాలి.

ప్రశ్న: హైదరాబాదులో ఉండే ఒక ఓనరు నాలుగేళ్లుగా మెయింటెనెన్సు కట్టలేదు. ఫ్లాటుకు నీళ్లు ఆపేయొచ్చా? – రాజాం

జవాబు: ఆపకండి. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లకు నీళ్లు లేకుండా చేస్తే తప్పు మీ మీదికి తిరుగుతుంది. బాకీ ఓనరుది, అద్దెదారుది కాదు. నెలవారీ బాకీ పట్టిక, తీర్మానాల నకళ్లు జతచేసి లాయరు నోటీసు పంపించండి, లొంగకపోతే సివిల్ కోర్టులో వసూలు దావా. డబ్బు బాకీకి కాలపరిమితి మూడేళ్లు, కాబట్టి మొదటి ఏడాది బాకీ ఇప్పటికే చేజారి ఉండొచ్చు. ఇక ఆలస్యం చేయకండి. ఇకముందు ఎవరిదైనా మూడేళ్లు నిండకముందే ‘ఇంత బాకీ ఉన్నాను’ అని సంతకంతో కాగితం తీసుకుంటే గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. దావా వేయాలంటే సంఘం నమోదై ఉండాలి. కాకపోతే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: మాది 24 ఫ్లాట్ల కొత్త అపార్ట్‌మెంటు, చేరి నాలుగేళ్ల రెండు నెలలు. బీముల దగ్గర బీటలున్నాయి. బిల్డరు ఇప్పుడు ‘మీ సంఘం చూసుకోవాలి’ అంటున్నాడు. – అయ్యన్నపేట, విజయనగరం

జవాబు: మీకు ఇంకా పది నెలలుంది, ఈ వారమే కదలండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షను ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం తెలియజేస్తే, బిల్డరు తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. 8కి మించి ఫ్లాట్లున్నాయి కనుక మీ ప్రాజెక్టు ఆ చట్టం పరిధిలోనిదే. ప్రతి బీటకూ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. రెండు వైపులా పెన్సిలు గీతలు గీసి తేదీ వేసి, నెల తర్వాత మళ్లీ కొలవండి. సన్నటి అడ్డదిడ్డపు గీతలు ప్లాస్టరువి. బీము చివర ఏటవాలుగా పోయేవి, వెడల్పు పెరిగేవి ఇంజినీరు వెంటనే చూడాల్సినవి. ఇంజినీరు నివేదికతో రిజిస్టరు పోస్టులో నోటీసు ఇవ్వండి, 30 రోజులు దాటితే ఏపీ రెరాకు ఫిర్యాదు. కార్పస్ ఫండు (సంఘం కోసం ముందుగా వసూలు చేసిన మూలనిధి) లెక్క, స్ట్రక్చరల్ డ్రాయింగులు, లిఫ్టు కాగితాలు కూడా అదే నోటీసులో అడగండి. డ్రాయింగులు లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత మరమ్మతు చేసేవాళ్లు ఊచ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ప్రశ్న: నెలకు రూ.2,000 వసూలు చేస్తున్నాం. ఈ ఏడాది మరమ్మతుకు ఒక్కొక్కరూ రూ.30,000 దాకా ఇచ్చారు. జీఎస్టీ కట్టాలా? – పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

జవాబు: సంఘం ఏడాది వసూళ్లు రూ.20 లక్షలు దాటకపోతే ఒక నెలలో ఎంత తీసుకున్నా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. అది దాటి, ఫ్లాటుకు నెలకు రూ.7,500 కూడా మించినప్పుడే పన్ను మాట వస్తుంది. మీరు చూసుకోవాల్సింది టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను. సొసైటీగా నమోదైన సంఘం కాంట్రాక్టరుకు ఒక బిల్లు రూ.30,000, లేదా ఏడాది మొత్తం రూ.లక్ష దాటి చెల్లిస్తే, వ్యక్తికైతే ఒక శాతం, కంపెనీకి రెండు శాతం పట్టుకుని జమచేయాలి.

ప్రశ్న: మా బాత్‌రూం సీలింగులో పైఫ్లాటు నుంచి చెమ్మ. వాళ్లు కామన్ పైపు అంటారు, సంఘం పైవాళ్లది అంటుంది. – బాబామెట్ట, విజయనగరం

జవాబు: ఎవరిదో నీళ్లే చెబుతాయి. పైవాళ్లు ఊరెళ్లినా చుక్క ఆగకపోతే ట్యాంకు నుంచి వచ్చే పైపు జాయింటు. వాళ్ల వాల్వు కట్టేసి ఆరు గంటలు చూడండి, ఆగితే వాళ్ల పైపే. స్నానాల వేళే కారితే నేలో, డ్రైనేజీ జాయింటో. నహాని ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే తూము) గుడ్డతో మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు ఎర్ర రంగు కలిపి 24 గంటలు ఉంచండి. ఎరుపు దిగితే నేల పోయినట్టు. దిగకపోతే నీలం రంగు కలిపిన బకెట్టు నీళ్లు నేరుగా ట్రాప్‌లో పోయండి. నీలం కనిపిస్తే ట్రాప్ మెడ దగ్గర జాయింటు, మా అనుభవంలో ఎక్కువసార్లు తేలేది అక్కడే. అక్కడిదాకా పైఫ్లాటువాళ్ల ఖర్చు. వీటన్నిటికీ చుక్క రంగు లేకుండా, మరో అంతస్తువాళ్లు నీళ్లు వదిలినప్పుడు తడిస్తే డక్టులో నిలువు పైపు, అది సంఘం ఖర్చు. పరీక్షప్పుడు మూడు పక్షాలవాళ్లూ అక్కడే ఉండాలి.